అమ్మవారు తిప్పిన తాళం

పోయిన వారం మనం రంగనాథం గారి వీధి తలుపు దగ్గర ఆగిపోయాం. మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి ఆ తలుపు సంగతి తెలుసు. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకి పోతాను.

నరసన్నపేటలో బట్టల వర్తకుడు రంగనాథం గారి ఇంట్లో దసరాకి ఒక ఆచారం ఉంది. ఊళ్లో మిగతా వర్తకులు ఆయుధపూజకి తక్కెడలూ, గజం బద్దలూ పెట్టుకుంటే వీళ్లు తాళాలు పెడతారు. ఇంటికి కాపలా కాసేది తాళమే కాబట్టి దానికీ ఏడాదికోసారి విశ్రాంతి ఉండాలని రంగనాథం గారి తాతగారు పెట్టిన నియమం అది. దుర్గాష్టమి పొద్దున ఇంట్లోని తాళాలన్నీ, వాటి చెవులతో సహా పూజగదిలోకి వెళ్లిపోతాయి. పసుపు రాసి కుంకుమ పెట్టి అమ్మవారి పాదాల దగ్గర వాటిని పడుకోబెడతారు. విజయదశమి సాయంత్రం ఉద్వాసన అయ్యాకే అవి మళ్లీ తలుపులకి ఎక్కుతాయి. అప్పటిదాకా ఏ తలుపుకీ తాళం ఉండదు.

ఇంతకీ పోయిన వారం దశమి సాయంత్రం ఏమైందంటే, రంగనాథం గారి భార్య పార్వతీదేవి వీధి తలుపు తాళం పెట్టి చెవి తిప్పింది. అది తిరిగింది. ఇందులో వింతేముంది అంటారేమో, ఆ తాళం మీకు తెలియదు. ఏళ్ల తరబడి అది తిట్టించుకోకుండా తిరిగిన పాపాన పోలేదు. మోకాలితో తలుపుని అదిమి, చెవిని కాస్త వెనక్కి లాగి, ఊపిరి బిగబట్టి తిప్పితే తిరిగేది. అలాంటిది ఒక్కసారిగా గిరుక్కున తిరిగేసరికి పార్వతీదేవి గుమ్మంలోనే కర్పూరం వెలిగించి, "అమ్మవారు తిప్పిందర్రా, అమ్మవారు!" అని వీధంతా వినపడేలా అరిచింది. అందరూ చేతులు జోడించారు. కోడలు కన్యాకుమారి కూడా జోడించింది గానీ, ఆ పిల్ల కళ్లు మాత్రం అమ్మవారి మీద లేవు, తాళం మీద ఉన్నాయి. అక్కడ ఆగాం.

మర్నాటికి ఆ తాళం ఊరంతటికీ దేవుడైపోయింది. ఆడవాళ్లు తమ ఇంటి తాళాలు పట్టుకొచ్చి దానికి తాకించి తీసుకెళ్లారు. ఒకావిడ పాలిచ్చే ఆవుని తోలుకొచ్చింది, తాళంతో దానికేం పనో ఆవిడకే తెలియాలి. పార్వతీదేవి అందరికీ కుంకుమ పెట్టి, అందరి చేతా దండం పెట్టించింది.

ఆ ఏడు తాళం మీద జనానికి అంత భక్తి పుట్టడానికి కారణం లేకపోలేదు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. వర్తకుల వీధిలో సగం ఇళ్లు ఆదివారం నుంచే ఖాళీ అవుతాయి. పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిచే బస్సెక్కేవాళ్లు, తిలారు స్టేషన్‌కి బళ్లు కట్టించుకునేవాళ్లు, మొత్తానికి అందరూ పైడితల్లి దగ్గరికే. ఈ వీధి ఖాళీ అవుతుందని ఈ వీధికి ఎంత తెలుసో దొంగలకీ అంతే తెలుసు. పైగా యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరక్క వీధి దీపాలు వెలగడం మానేసి చాలాకాలమైంది.

అందుకని ఎవరి ఉపాయం వాళ్లది. ఒకాయన ఇంట్లో మగవాళ్లున్నారని అనుకోవాలని అరుగు మీద పాత చెప్పుల జతలు విడిచి వెళ్తాడు. ఒకావిడ తాను లేనన్నాళ్లూ తన గుమ్మంలో కూడా ముగ్గు పెట్టమని పక్కింటామెకి ముగ్గుపిండి ఇచ్చి మరీ పోతుంది. అన్నిటికంటే గిరాకీ గురమ్మ దగ్గుకి. గురమ్మ ఒంటరి ముసలిది. ఆమె అరుగు మీద పడుకుని దగ్గిందంటే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది. సిరిమాను వారంలో ఆమెకి పూటకో ఇంట్లో భోజనం, పడక. రంగనాథం గారింటికి ఏటా ఆమెదే కాపలా.

ఈ ఏడు పార్వతీదేవి ఆమెని వద్దంది.

"అమ్మవారే కాపలా ఉండగా మనకి గురమ్మ ఏటికండి? పాపం, ముసల్ది, మంచుకి ఏటి పడుకుంటాది?" అని మొగుడితో అంది.

రంగనాథం గారు కాదనలేదు. ఆయన మంచి వర్తకుడు. బట్ట పోగు చూసి ఏ మగ్గం మీద నేసిందో చెప్పగలడు. ఇంట్లో మాత్రం భార్య చెప్పిందే ఆయనకి వేదం.

అయితే ఆ ఇంట్లో పోతే తెచ్చుకోలేని వస్తువు రంగనాథం గారిది కాదు. లోపలి గదిలో ఇనప్పెట్టె ఉంది. అందులో భావనపాడు నుంచి చేపల బేరానికి వచ్చే ఆడవాళ్లు దాచుకున్న బంగారం ఉంది. సముద్రం ఒడ్డున తాటాకు ఇళ్లు, ఒక నిప్పు రవ్వ పడితే పేటంతా బూడిద. అందుకని కంటెలూ, గుళ్లపేర్లూ, ముక్కుపుడకలూ గుడ్డల్లో మూటకట్టి తెచ్చి సావుకారు చేతికిస్తారు. పెళ్లిళ్లకి తీసుకెళ్తారు, పెళ్లి అయ్యాక మళ్లీ తెచ్చిస్తారు. ఆయన తండ్రి హయాం నుంచీ అంతే. కాగితం లేదు, సాక్షి లేడు. సావుకారు దగ్గర ఉందంటే ఉన్నట్టే. నలుగురిలో తాను ఏమైనా గొప్పవాణ్ణని రంగనాథం గారు అనుకుంటే అది ఆ పెట్టె మూలానే.

ఆదివారం మధ్యాహ్నం కన్యాకుమారి తాళాన్ని కడగడానికి నూతి దగ్గరికి పట్టుకెళ్లింది. ఊరందరి చేతులూ పడి కుంకుమ మురికైపోయింది. ప్రయాణం మర్నాడే. ఆమె భర్త లక్ష్మణరావు విడిది చూడటానికి అప్పటికే విజయనగరం వెళ్లి ఉన్నాడు. చింతపండు పెట్టి తోముతుంటే ఇత్తడి మెరిసింది. ఒక పక్క తోమి, రెండో పక్క తిప్పి, ఆమె చెయ్యి ఆపేసింది.

సొట్ట లేదు.

ఆ సొట్ట ఆమె మొగుడి చేతి చలవ. పెళ్లైన కొత్తలో ఒక ఎండవేళ బయటి నుంచి వచ్చి, తాళం ఎంతకీ రాకపోతే కోపం పట్టలేక సన్నికాలి పొత్రంతో ఒకటి ఇచ్చాడు. ఇత్తడి లోపలికి నొక్కుకుపోయింది. అప్పుడు పక్కనే నిలబడి నవ్వినందుకు కన్యాకుమారి అత్తగారి చేత చీవాట్లు తింది. అష్టమి పొద్దున ఆ తాళానికి పసుపు రాసింది కూడా ఆమే. కుంకుమ ఆ సొట్టలో పేరుకుంటే వేలితో తుడిచింది.

తాళాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. అమ్మవారికి తాళం తిప్పడం వచ్చు, సరే. సొట్ట తీయడం కూడా వచ్చునా?

కన్యాకుమారి అమ్మవారిని నమ్మని పిల్ల కాదు. నమ్మకం ఉంది కాబట్టే అనుమానం వచ్చింది. పైడితల్లి అయినా కన్యకాపరమేశ్వరి అయినా మహిమ చూపించదలుచుకుంటే జబ్బుతో ఉన్నవాళ్లున్నారు, పిల్లలు లేనివాళ్లున్నారు, ఇత్తడి సొట్ట సాపు చేస్తూ కూర్చుంటుందా? ఆ ఆలోచన వచ్చాక ఆమెకి ఇక నిలకడ లేకపోయింది. తాళం కొంగులో చుట్టుకుని మామగారి దగ్గరికి వెళ్లింది.

రంగనాథం గారు అప్పుడే భోజనం చేసి అరుగు మీద నడుం వాల్చబోతున్నారు.

"మావయ్యా, మీ మొలతాడుకి ఉన్నాదే తాళంచెవి, అది వీధి తలుపుదేనా?"

"అదే కదమ్మా. మా నాన్న కట్టింది. ఏటి, మీ అత్త దగ్గరున్నది పోయిందేటి?"

"పోలేదు. ఒకసారి మీది పెట్టి చూద్దారని."

ఈ చెవి కథ కూడా చెప్పాలి. తాళాలన్నీ పూజకి వెళ్లినా ఈ ఒక్కటి వెళ్లదు. తండ్రి స్వయంగా ఆయన మొలకి కట్టి, దీన్ని విప్పకురా అని చెప్పి పోయాడు. రంగనాథం గారు విప్పలేదు, వాడనూ లేదు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు తలుపు తీసేవారు. మొలతాడు కట్టిననాటికీ ఇప్పటికీ ఆయన బొజ్జ బాగా పెరగడంతో, ఆ చెవి తాళంలో పెట్టాలంటే మనిషి మొత్తం తలుపుకి అంటుకుపోవాలి.

కోడలు అంతగా అడిగేసరికి ఆయన నవ్వుతూ లేచారు. తలుపు దగ్గరగా వేసి, గొళ్లానికి తాళం నొక్కకుండా తగిలించారు. కండువా భుజాన వేసుకుని, బొజ్జ తలుపుకి ఆనించి, మునివేళ్ల మీద లేచారు. వీధిలో వెళ్తున్న ఇద్దరు ఆగి వింతగా చూశారు.

"ఇదేటమ్మా, నన్ను గోడకి బల్లిలా చేసీసినావు," అంటూ చెవి తిప్పబోయారు.

తిరగలేదు. అసలు లోపలికే దిగలేదు. ఆయన తీసి, ఊది, మళ్లీ పెట్టారు. మోకాలితో తలుపు అదిమారు, చెవిని వెనక్కి లాగారు, పాత తాళానికి చేసే సేవలన్నీ చేశారు. చివరికి తాళం గొళ్లెం నుంచి తీసి, దూరంగా జరిగి కోడలి ముఖం చూశారు. నవ్వు పోయింది.

"ఇది మన తాళం కాదు," అన్నారు.

"కాదు మావయ్యా. దీనికి సొట్ట లేదు."

ఆయనకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంటికి వేరే తాళం పడింది. దాని చెవి ఒకటి తమ దగ్గరుంది. రెండోది ఎవడి దగ్గరో ఉంది. ఎల్లుండి తామంతా సిరిమాను చూస్తూ దండం పెట్టుకుంటుంటే ఆ ఎవడో వచ్చి, చప్పుడు లేకుండా తాళం తీసుకుని, పని చూసుకుని, మళ్లీ తాళం వేసి మరీ వెళ్తాడు. పండగ రోజుల్లో దొంగల గురించి ఆయన ఎన్నో విన్నారు గానీ ఇలాంటిది వినలేదు.

"తాళాల దాలయ్యగాడు!" అని అరిచారు. "పూజ ముందర తాళాలు తోమడానికి పట్టుకెళ్లినవాడు వాడే! వాణ్ణి..."

"కాదు మావయ్యా. దాలయ్య తోమి తెచ్చాక కూడా సొట్ట ఉన్నాది. నేనే పసుపు రాసినాను. పూజలో పెట్టాకే మారినాది."

ఆయన వినిపించుకునే స్థితిలో లేరు. "ప్రయాణం మానేద్దాం. దాలయ్య సంగతి రేపు పోలీసులు చూసుకుంటారు. ముందు భావనపాడోళ్లకి కబురెట్టాల. ఎవరి బంగారం వాళ్లకిచ్చీస్తాను. ఇంక నా ఇంట్లో ఒక్క పూట ఉంచను."

కబురు పెట్టక్కర్లేకపోయింది. వీధి మలుపులో ఎండుచేపల గంప దించి, ఉత్త చేతులతో కూర్మమ్మ వస్తోంది. ఈ ఇళ్లవాళ్లకి వాసన పడదని ఆమె గంపని ఎప్పుడూ మలుపు దగ్గరే ఉంచుతుంది. అరుగు కింద నిలబడి, ఎప్పటిలాగే నవ్వింది.

"దండాలు సావుకారూ. మీరు రేపు ఇజీనారం ఎల్లిపోతన్నారని తెలిసి వొచ్చినాను. మా గుంటకి దీపాలమాస ఎల్లినాక మనువు కదా. పిల్లోడి తల్లి కంటె సూస్తానంటంది. ఒకసారి పట్టుకెల్లి సూపించీసి మల్లీ మీకాడే ఎట్టీమంటాడు సూరయ్య."

సూరయ్య ఆమె మొగుడు. వేట లేని నెలల్లో కూడా ఆ కంటె జోలికి పోని మనిషి. వాళ్లకి ఒక్కతే కూతురు.

రంగనాథం గారి ముఖం కాస్త తేటపడింది. "మంచి వేళకి వచ్చినావు కూర్మమ్మా. చూపించడం కాదు, తీసుకుపో. ఇంక నా దగ్గర వద్దు."

కూర్మమ్మ నవ్వు ఆగిపోయింది. "అదేటి సావుకారూ? నానేటి తప్పు సేసినాను?"

"నువ్వు కాదమ్మా. మా ఇంటికి దొంగ కన్ను పడినాది."

"ఓలమ్మో! బంగారం ఉన్నాదా మరి?"

"ఉన్నాది. పెట్టె తాళం మీ సావుకారమ్మ దగ్గరే ఉంటాది. ఇప్పుడే నీ చేతిలో పెట్టీస్తాను." లోపలికి తిరిగి కేకేశారు. "ఏటే, ఇనప్పెట్టె తాళంచెవి తే!"

ఎవరూ బయటికి రాలేదు.

"అమ్మాయ్, నువ్వెళ్లి తేమ్మా."

కన్యాకుమారి లోపలికి నడిచింది. నడుస్తుంటే ఇంతసేపూ బుర్రలో తిరుగుతున్న ముక్క ఒకచోట కుదురుకుంది. కుదురుకోకపోతే బాగుండునని ఆమెకి అనిపించింది. తాళం మారింది పూజగదిలో. పూజగదిలోకి మడి కట్టుకున్నవాళ్లు తప్ప రారు. కొట్లో పదిమందిని ముట్టుకుని వస్తారని మామగారినీ, కొడుకునీ కూడా అత్తగారు గడప దాటనివ్వలేదు. పేరంటాళ్లకి పసుపు కుంకుమలు వసారాలోనే ఇచ్చారు. ఆ మూడు రోజులూ ఆ గదిలో మసిలింది ఇద్దరే.

పార్వతీదేవి ఇనప్పెట్టె గదిలో ఉంది. పెట్టె మీద కూర్చుని ఉంది. వీధిలో మాటలన్నీ ఆ గదిలోకి వినిపిస్తాయి.

"అత్తా, తాళం మారింది."

"విన్నాను."

"పూజగదిలోకి మీరొచ్చారు, నేనొచ్చాను. నేను మార్చలేదు."

పార్వతీదేవి తలెత్తి కోడలి వంక చూసింది. కోపం వస్తుందనుకుంది కన్యాకుమారి. కేకలు వేస్తే బాగుండుననుకుంది. ఆమెకి తల్లి లేదు. కాపరానికి వచ్చిన రోజు నుంచీ జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది ఈ మనిషే. ఈ మనిషి కాదంటే, ఎలా కాదో అడక్కుండా నమ్మేద్దామని ఆమె సిద్ధంగా ఉంది.

"కూర్చో," అంది పార్వతీదేవి. కన్యాకుమారి కూర్చోలేదు.

"మా నాన్న నన్ను కాపరానికి పంపించినప్పుడు రెండు తాళాలు కొన్నాడే. రెండూ చూడ్డానికి ఒక్కలాంటివే, చెవులే వేరు. ఒకటి గజపతినగరంలో మా తలుపుకి, ఒకటి ఈ తలుపుకి. నువ్వు కడిగింది మా పుట్టింటి తాళం. మా తమ్ముడు వెంకటరావు పంపించాడు."

"ఎందుకు?"

"రెండో చెవి వాడి దగ్గరుంది. మంగళవారం వస్తాడు."

సొంత ఇంటికి సొంత తమ్ముణ్ణి దొంగగా పిలవడం ఏమిటి? ఈమెకి మతి ఉందా లేదా అని, భయం కంటే ముందు కన్యాకుమారికి ఆశ్చర్యం కలిగింది. "ఇంట్లో ఏటి కావాలన్నా మీరే ఇవ్వొచ్చు కదత్తా. మావయ్య మీ మాట కాదంటారా?"

"ఇచ్చీసినానే," అంది పార్వతీదేవి. "వేసవిలోనే ఇచ్చీసినాను."

ఆమె పెట్టె మీద చెయ్యి వేసింది. "వాడికి యాపారంలో పీకల మీదికి వచ్చింది. నా కాళ్లు పట్టుకుని ఏడ్చినాడు. నావి ఇస్తే మెడ బోసిపోయి మీ మావయ్య అడుగుతాడు కదా. పెట్టెలోవి అయితే పెళ్లిళ్లదాకా ఎవరూ అడగరు. దసరాకి తెచ్చిస్తానని అమ్మవారి మీద ఒట్టేసినాడు. దసరా వచ్చింది. నగలు తేలేదు, ఈ తాళం పంపించినాడు. దొంగలు పడ్డారంటే ఎవరి తప్పూ ఉండదక్కా అన్నాడు. తలుపు బద్దలు కొడితే వీధంతా లేస్తాది. కొత్త చెవి చేయిద్దామంటే దాలయ్య ఊరంతా చెప్పీస్తాడు. అందుకని ఇదీ ఉపాయం."

"గురమ్మని వద్దన్నది అందుకేనా?"

"అందుకే. కర్పూరం వెలిగించిందీ అందుకే. తాళం తేలిగ్గా తిరిగితే మీరంతా వింతగా చూస్తారని తెలుసు. అమ్మవారి పేరు చెబితే ఎవరూ అడగరని..." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ మావయ్య మొలకున్న చెవి సంగతే మర్చిపోయానే. ఇన్నేళ్లలో ఒక్కసారైనా వాడితే కదా గుర్తుండడానికి!"

ఆ మాటకి నవ్వొచ్చే సందర్భమే గానీ ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

"కూర్మమ్మ కంటె?" అని అడిగింది కన్యాకుమారి.

పార్వతీదేవి తల అడ్డంగా ఊపింది.

వీధిలోంచి రంగనాథం గారి కేక వినిపించింది. "ఎంతసేపే! పాపం, దానికి పొద్దు పోతున్నాది!" వెంటనే కూర్మమ్మ గొంతు. "పరవాలేదు సావుకారూ, ఆయమ్మని కంగారెట్టకండి. మీ ఇంట్లో ఉంటే నా ఇంట్లో ఉన్నట్టే."

పార్వతీదేవి ఆ మాట విని కళ్లు మూసుకుంది. బొడ్డులోంచి తాళంచెవుల గుత్తి తీసి కోడలి చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"తాళంచెవి కనబడలేదని చెప్పు. ఈ ఒక్క మాట చెప్పు చాలు. రేపు మామూలుగా బయల్దేరదాం. మీ మావయ్యని నేను ఒప్పిస్తాను. దొంగ రావాలే కన్యా. దొంగ రాకపోతే నేను ఉండను. ఆయన ముఖం చూసి నేను బతకలేను."

"దాలయ్యని పోలీసులకి పట్టిస్తామంటన్నారు అత్తా."

పార్వతీదేవి పట్టు ఇంకా బిగించింది. కన్యాకుమారి నెమ్మదిగా విడిపించుకుంది.

వసారా దాటి వీధి గుమ్మం దాకా రావడానికి ఆమెకి చాలా దూరం నడిచినట్టనిపించింది. అత్తగారి మీద జాలి గుండెల నిండా ఉంది. ఒక్క అబద్ధం. ఆడితే ఈ ఇల్లు నిలుస్తుంది. భావనపాడులో ఒక పిల్ల పెళ్లి ఆగుతుంది, దాలయ్య వీపు పగులుతుంది, సావుకారు మాట మాత్రం నిలుస్తుంది, దొంగలు పడితే ఆయనేం చేస్తాడని జనం ఆయన మీదే జాలి పడతారు. గుత్తిని కొంగు కింద దాచుకుంది. బయట కూర్మమ్మ చీర కొంగు రెండు చేతుల మీద పరిచి పట్టుకుని, బంగారం అందుకోవడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

"దొరికిందా అమ్మా?" అన్నారు రంగనాథం గారు.

కన్యాకుమారి కొంగు కింద నుంచి చెయ్యి తీసింది. గుత్తి అందరికీ కనిపించింది.

"కూర్మమ్మా, లోపలికి రా," అంది.

రంగనాథం గారు విస్తుపోయారు. చేపలు అమ్మే మనిషి ఆ గడప దాటడం ఆయన పుట్టాక ఎరగరు. కూర్మమ్మ అయితే ఒక అడుగు వెనక్కి వేసింది. "నానా? లోపలికా? ఒద్దమ్మా, ఇక్కడే ఇచ్చీ."

"కాదు, రా. పెట్టె నీ చేత్తోనే తెరుద్దువుగాని. నువ్వే చూడాల."

కోడలి ముఖంలో ఏం కనబడిందో గానీ రంగనాథం గారు అడ్డు చెప్పలేదు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. కూర్మమ్మ కాళ్లు చీర అంచుకి తుడుచుకుని, భయపడుతూ, ఒక కాలు గడప మీదుగా లోపలికి పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఇనప్పెట్టె గది తలుపు దభాలున మూసుకుంది. పార్వతీదేవి లోపలి నుంచి గడియ వేసుకుంది.